ఎండోస్కోపీ నార్మల్, మంట మాత్రం తగ్గలేదు: ఎన్‌బీఐ, ఎల్‌సీఐ చూపించేదేంటి, చూపించలేనిదేంటి?

విభాగం: జీర్ణకోశం › విశాఖపట్నం

#1 ఎంవీపీ_జీపీ

అందరికీ నమస్తే. గుండెల్లో మంట, పులితేన్పులతో వచ్చేవాళ్లు ఇప్పుడు ఎండోస్కోపీ రిపోర్టు పట్టుకునే వస్తున్నారు. ఇదివరకు ‘ఓజీడీ (ఎండోస్కోపీ) నార్మల్’ అనో ‘లాక్స్ ఎల్ఈఎస్’ (అన్నవాహిక కింది కవాటం వదులు) అనో ఒక ముక్క రాసి వదిలేసేవారు. ఇప్పుడు నీలిపచ్చ రంగుల్లో నాలుగు ఫొటోలు, వాటి కింద ‘ఎన్‌బీఐలో ఐపీసీఎల్ డైలేటెడ్’, ‘మినిమల్ చేంజ్ ఈసోఫజైటిస్’, ‘ఎల్‌సీఐలో రెడ్‌నెస్’ అని రాసి ఉంటోంది. ఎన్‌బీఐ, ఎల్‌సీఐ అంటే రంగు తేడాలు పెంచి చూపే స్కోపు మోడ్‌లు, ఐపీసీఎల్ అంటే పై పొరలోని సన్న నాళాలు, మినిమల్ చేంజ్ అంటే పుండు లేని స్వల్ప మార్పు. పేషెంటు అడిగేది ఒక్కటే: రిఫ్లక్స్ (కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం) ఉన్నట్టా, లేనట్టా?

నాకు తేలాల్సినవి ఇవి. ఈ కొత్త కాంతులతో కనిపించినదాన్ని బట్టి జీఈఆర్‌డీ (రిఫ్లక్స్ జబ్బు) అని ఖాయం చేయొచ్చా? తెల్ల కాంతిలో నార్మల్ వచ్చినవాళ్లను మళ్లీ ఎన్‌బీఐ ఉన్న చోటికి పంపడంలో అర్థం ఉందా? శ్రీకాకుళం, పాడేరు నుంచి వచ్చేవాళ్లకి ఒక్క రోజులో పని అయిపోవాలి. రెండోసారి రమ్మంటే మళ్లీ కనిపించరు. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

#2 మహారాణిపేట_గ్యాస్ట్రో

డాక్టరు గారూ, మీ మొదటి ప్రశ్నకి సూటి జవాబు: చేయకూడదు. ఎందుకో చెప్తాను.

రిఫ్లక్స్ లక్షణాలున్నవాళ్లలో, మందులు మొదలుపెట్టకముందు చూసినా, సగం మందికి పైగా అన్నవాహిక తెల్ల కాంతిలో నున్నగానే ఉంటుంది. కాబట్టి ‘నార్మల్’ అంటే రిఫ్లక్స్ లేదని కాదు. అలాగని ఎర్రగా ఉన్నదల్లా రిఫ్లక్స్ అవదు. లియోన్ ఒప్పందం (జీఈఆర్‌డీ నిర్ధారణపై అంతర్జాతీయ నిపుణుల మాట) రెండో కూర్పు ప్రకారం ఎండోస్కోపీలో ఖాయమైన ఆధారాలు మూడే. ఎల్ఏ (లాస్ ఏంజెలెస్, పుండు తీవ్రత కొలిచే పద్ధతి) గ్రేడ్ బీ లేదా అంతకు పైది, బయాప్సీతో రుజువైన బారెట్స్ (అన్నవాహిక పొర పేగు తరహాకి మారడం), ఆమ్లం వల్ల వచ్చిన స్ట్రిక్చర్ (అన్నవాహిక సన్నబడటం). మొదటి కూర్పులో గ్రేడ్ బీ ఈ జాబితాలో లేదు, సీ, డీ మాత్రమే ఉండేవి. ‘ఏ’ గ్రేడ్ అయితే లక్షణాలేవీ లేనివాళ్లలోనూ అప్పుడప్పుడు కనిపిస్తుంది, అందుకే దాన్ని ఇప్పటికీ బయటే ఉంచారు. ఎన్‌బీఐలో మాత్రమే కనిపించే రక్తనాళాల మార్పులు, ‘మినిమల్ చేంజ్’ అనేవి ఈ జాబితాలో ఎక్కడా లేవు.

గ్రేడ్లు కూడా కొలిచి చెప్పాల్సినవే. చర్మం లేచిన గీత 5 మి.మీ. లోపు ఉండి, రెండు మడతల కొసల మధ్య సాగకపోతే ఏ. 5 మి.మీ. దాటితే బీ. రెండు మడతల కొసలను కలుపుతూ సాగి, చుట్టుకొలతలో 75 శాతం లోపు ఉంటే సీ. 75 శాతం, ఆపైన డీ. కంటి అంచనాతో ఏ అనడం, బీ అనడం చాలా మామూలు. తెరిచిన బయాప్సీ ఫోర్సెప్స్ పక్కన పెట్టి చూస్తే, దాని నోరు మోడల్‌ను బట్టి సుమారు 6–7 మి.మీ. ఉంటుంది, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. ఏకి, బీకి మధ్య ఉన్నది ఒక్క గీత కాదండీ, ‘ఖాయం’, ‘ఖాయం కాదు’ అన్న తేడా.

‘లాక్స్ ఎల్ఈఎస్’ గురించి: ఆ మాట రాయడం మానేస్తే అందరికీ మంచిది. స్కోపు లోపల ఉండగా, గాలి నింపుతుండగా, పేషెంటు ఓకరిస్తుండగా కింది కవాటం బిగుతుగా ఉందో వదులుగా ఉందో చూసి చెప్పేది ఏమీ ఉండదు. దాని బదులు స్కోపు వెనక్కి వంచి హిల్ గ్రేడ్ (కడుపు వైపు నుంచి కవాటం మడత రూపం చెప్పే అంకె) రాయాలి. స్కోపును గట్టిగా పట్టుకున్న మడత ఒకటో గ్రేడ్. ఊపిరితో తెరుచుకుని వెంటనే మూసుకుంటే రెండు. మడత పేరుకే ఉండి సరిగా మూసుకోకపోతే మూడు. మడతే లేకుండా నోరు తెరిచి, లోపల అన్నవాహిక గోడ కనిపిస్తే నాలుగు, అప్పుడు హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఉంటుంది.

#3 బయోమెడ్_గాజువాక

యంత్రం వైపు నుంచి నాలుగు మాటలు. ‘కొత్త కాంతి’ అని అందరూ ఒకే గాటన కట్టేస్తున్నారు గానీ కంపెనీని బట్టి పని వేరు.

ఒలింపస్ ఎన్‌బీఐలో రెండు సన్నని పట్టీల కాంతే బయటకి వస్తుంది. ఒకటి 415 నానోమీటర్ల దగ్గర నీలం, రెండోది 540 దగ్గర ఆకుపచ్చ. హీమోగ్లోబిన్ ఈ రెండిటినీ బాగా పీల్చుకుంటుంది. నీలం పైపైనే ఆగిపోతుంది కాబట్టి పై పొరలోని సన్న నాళాలు గోధుమ రంగులో తేలతాయి. ఆకుపచ్చ ఇంకాస్త లోతుకి వెళ్తుంది, అక్కడి నాళాలు నీలిపచ్చగా కనిపిస్తాయి. ఫ్యూజీఫిల్మ్ వాళ్ల బీఎల్ఐ కూడా 410 చుట్టూ తిరిగేదే. ఎల్‌సీఐ అలా కాదు, ఎరుపును ఇంకా ఎర్రగా, తెలుపును ఇంకా తెల్లగా లాగి చూపిస్తుంది. దూరం నుంచి చూసినా వెలుతురు తగ్గదు. పెంటాక్స్ ఐ-స్కాన్ ప్రధానంగా ప్రాసెసర్‌లో చేసే పని, కాంతిని వడగట్టేది వాళ్లదే ఓఈ మోడ్. ఒలింపస్ ఎక్స్1లో వచ్చిన టీఎక్స్ఐ అంచులు, గరుకుదనం, రంగు తేడాలు పెంచుతుంది, అది కూడా తెల్ల కాంతితోనే.

వీటిని కలిపి ‘ఎన్‌బీఐ’ అని రిపోర్టులో రాస్తే తర్వాత పోల్చుకోవడానికి పనికిరాదు. ప్రాసెసర్ పేరు, మోడ్ పేరు రాయండి. ఇంకోటి, ఎల్‌సీఐలో కాస్త ఎరుపు కనిపించగానే ‘ఇన్‌ఫ్లమేషన్’ అని రాసేస్తున్నారు. ఎరుపును పెంచడం ఆ మోడ్ పని, రోగాన్ని చెప్పడం కాదు. వైట్ బ్యాలెన్స్ సరిగా లేకపోతే ఇంకా అన్యాయం. ప్రతి స్కోపు తగిలించాక వైట్ క్యాప్ పెట్టి బ్యాలెన్స్ చేయాలి, టేబుల్ మీది గాజ్ (కట్టు కట్టే) గుడ్డకి ఎదురుగా పట్టి కాదు.

#4 సీతమ్మధార_రీడర్

ఏటండీ, ఇంత యంత్రం పెట్టి చివరికి ‘ఖాయం కాదు’ అంటారా? గ్రేడ్ ఏ అని రాసిస్తే మాత్ర జీవితాంతం వేసుకోవాలా వద్దా, అది చెప్పండి ముందు.

#5 మహారాణిపేట_గ్యాస్ట్రో

రీడర్ గారూ, గ్రేడ్ ఏ ఒక్కటే చూసి జీవితాంతం అని ఎవరూ చెప్పకూడదు. ప్రమాద లక్షణాలు లేకుండా మామూలు గుండెల్లో మంట ఉంటే రోజుకి ఒక పీపీఐ (ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ లాంటి మాత్ర), తిండికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఎనిమిది వారాలు. తగ్గితే ఆపి చూడాలి. ఆపగానే మళ్లీ వచ్చినా, అసలు తగ్గకపోయినా అప్పుడు పరీక్షల దారి. మింగడం కష్టమవడం, బరువు తగ్గడం, రక్తహీనత, నల్ల విరేచనం, రక్తపు వాంతి ఉంటే మాత్రం ఎనిమిది వారాలు ఆగకూడదు, ముందే ఎండోస్కోపీ. ఛాతీ నొప్పి అయితే గుండె సంగతి తేలాకే ఈ మాటలన్నీ. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి పొద్దున్నే భారంగా తిని పడుకునేవాళ్లకి వచ్చే మంట, మెట్లెక్కితే వచ్చే మంట ఒకటి కావు.

#6 స్కోప్_అసిస్టెంట్

చిత్రం బాగా రాకపోవడానికి సగం కారణం స్కోపు కాదు, నురగ. అన్నవాహిక కింది భాగంలో లాలాజలం, బుడగలు ఉంటే ఎన్‌బీఐ ఎంత మంచిదైనా ఏమీ తెలియదు. పైగా పిత్తం ఎన్‌బీఐలో ఎర్రగా రక్తంలా కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి కంగారుపడిపోతుంటారు.

అందుకని పరీక్షకు 10–30 నిమిషాల ముందు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 600 మి.గ్రా., సిమెథికోన్ 100 మి.గ్రా. దాకా, 100 మి.లీ. లోపు నీళ్లలో కలిపి తాగిస్తారు. మొదటిది జిగురుని కరిగిస్తుంది, రెండోది బుడగల్ని పగలగొడుతుంది. సిమెథికోన్ తాగించడం వేరు, స్కోపులోంచి పంపడం వేరు. వాటర్ జెట్ సీసాలో కలపడం అస్సలు వద్దు. దాని జిడ్డు సన్న గొట్టాల్లో అంటుకుని, కడిగినా వదలకుండా క్రిములకి చోటిస్తుంది. తప్పనిసరైతే బయాప్సీ ఛానెల్ లోంచి, పలచగా, అవసరమైనంతే సిరంజితో.

ఖాళీ కడుపు: అన్నం, ఇడ్లీ లాంటి ఘనాహారం ఆపి కనీసం 6 గంటలు, నూనె పదార్థాలైతే 8. మంచినీళ్లు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు పోసిన టీ మంచినీళ్ల లెక్కలోకి రాదు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చేవాళ్లు ‘ఏమీ తినలేదు, టీ మాత్రమే’ అంటారు, ఆ టీకి కూడా 6 గంటల లెక్కే. దూరం నుంచి వచ్చేవాళ్లకి ఫోన్‌లో చెప్పేటప్పుడే ‘టీ కూడా వద్దు’ అని విడిగా చెప్పాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లకి పొద్దుటి మొదటి స్లాట్ ఇవ్వాలి, మోతాదు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడించాలి.

గొంతు మొద్దుబారడానికి లిగ్నోకైన్ 10 శాతం స్ప్రే కొడతారు, ఒక్కో నొక్కుకి 10 మి.గ్రా. మొద్దు పూర్తిగా వదిలేదాకా, అంటే దాదాపు గంట, నీళ్లు కూడా ఇవ్వకూడదు. పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తు ఇచ్చినవాళ్లయితే ఆ రోజు బండి నడపకూడదు, పక్కన మనిషి ఉండాలి.

చివరగా ఒకటి: కింది భాగం ఫొటోలు స్కోపు లోపలికి వెళ్లేటప్పుడే తీయాలి. తిరిగి వచ్చేటప్పటికి ఓకరింపులతో కడుపు పైభాగం పైకి జారి చిన్న రక్తపు మచ్చలు పడతాయి, స్కోపు రాసుకున్న చోట, సక్షన్ పీల్చిన చోట గుండ్రంగా ఎర్రబడుతుంది. ఇవన్నీ ‘ఎరోషన్’ అని రిపోర్టులోకి ఎక్కుతుంటాయి.

#7 రామ్‌నగర్_మందులకొట్టు

మందుల వైపు చూడకుండా ఫొటోల గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. ఎండోస్కోపీకి వెళ్లేనాటికి పేషెంటు నెలల తరబడి పీపీఐ మీద ఉంటాడు. పుండు మానిపోయి ఉంటుంది. అప్పుడు ‘నార్మల్’ వచ్చిందంటే మందు పనిచేసిందని అర్థమా, రోగం లేదని అర్థమా?

‘ఆపేశాను’ అన్నవాళ్లని కూడా రెండోసారి అడగాలి. పాంటాప్రజోల్ ఆపమంటే ఆపుతారు, ‘గ్యాస్ గోళీ’ మాత్రం వేసుకుంటారు. ఆ గోళీ రాబెప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్. లేదా లెవోసల్పిరైడ్‌తో కలిసినది. కీళ్ల నొప్పులకి ఇచ్చిన డైక్లోఫెనాక్ స్ట్రిప్‌లో కూడా రాబెప్రజోల్ కలిపి ఉన్నవి దొరుకుతాయి. స్ట్రిప్ వెనక చదివితేనే తెలుస్తుంది. వొనోప్రజాన్ పీపీఐ కాదు కదా అని వదిలేయకండి, ఆమ్లాన్ని తగ్గించడంలో అదీ అదే కోవలోకి వస్తుంది.

#8 ఎంవీపీ_జీపీ

ఒప్పుకుంటాను. కానీ రెండు నుంచి నాలుగు వారాలు ఆపమంటే మూడో రోజుకే ఫోన్ వస్తుంది, ‘ప్రాణం పోతోంది’ అని. ఏం చేయాలి?

#9 రామ్‌నగర్_మందులకొట్టు

ఎక్కువ రోజులు వాడి ఒక్కసారి ఆపితే ఆమ్లం ముందుకంటే ఎక్కువ ఊరుతుంది, కొంతకాలం. మొదటి రెండు వారాల మంట చాలామందికి దానివల్లే. అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన యాంటాసిడ్ ద్రవం గానీ, సోడియం ఆల్జినేట్ ద్రవం గానీ అవసరమైనప్పుడు, తిన్నాక, పడుకునే ముందు తీసుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే ముందు డాక్టరుని అడగాలి. రాత్రి తొమ్మిదిన్నరకి బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీ తిని పదిన్నరకి పడుకుంటే మాత్రం ఏ ద్రవమూ నిలబడదు. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించాలి, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుక పెట్టి ఎత్తు చేయాలి. దిండ్లు పేర్చితే నడుము దగ్గర వంగి కడుపు నొక్కుకుంటుంది, అది తిరగబడుతుంది.

#10 మహారాణిపేట_గ్యాస్ట్రో

పైదానికి ఒక హద్దు. అందరికీ ఆపకూడదు. గతంలో సీ, డీ గ్రేడ్ వచ్చినవాళ్లు, స్ట్రిక్చర్ ఉన్నవాళ్లు, బారెట్స్ తేలినవాళ్లు, అల్సర్ రక్తస్రావం అయినవాళ్లు, స్టెంట్ వేసి రెండు రకాల రక్తం పలచన మందులు వాడుతున్నవాళ్లు: వీళ్లెవరూ సొంతంగా పీపీఐ ఆపకూడదు. వీళ్లకి రోగం ఉందా లేదా అన్న ప్రశ్న ఇప్పటికే తేలిపోయింది, లేదా ఆపితే వచ్చే నష్టం ఎక్కువ.

రోగ నిర్ధారణ కోసమే చేస్తున్న మొదటి ఎండోస్కోపీకి 2–4 వారాలు ఆపడం మేలు. మీరన్న పాడేరు పేషెంటు విషయంలో పరీక్ష తేదీ ఇచ్చిన రోజునే ఆ తేదీ, మందు ఆపాల్సిన తేదీ రెండూ చీటీ మీద రాసిస్తే ఒక్క రాకతో అవుతుంది. హెచ్. పైలోరీ (కడుపు పుండ్ల క్రిమి) పరీక్ష కోసం తీసే ముక్కకి కూడా ఇదే లాభం, పీపీఐ మీద ఉంటే యూరియేజ్ పరీక్ష తప్పుగా నెగెటివ్ వస్తుంది.

#11 ఆరిలోవ_ఫెలో

సర్, మీరు ఎన్‌బీఐని మరీ పక్కన పెట్టేస్తున్నారనిపిస్తోంది. నియర్ ఫోకస్‌లో (దగ్గరగా, పెద్దది చేసి) కింది భాగం చూస్తే పాపిల్లాల లోపలి నాళాల ఉంగరాలు, అంటే ఐపీసీఎల్, సంఖ్యలో పెరిగి, ఉబ్బి, మెలికలు తిరిగి కనిపిస్తాయి. తెల్ల కాంతికి అందని చిన్న ఎరోషన్లు కూడా. 2007లోనే గ్యాస్ట్రోఎంటరాలజీ పత్రికలో రిఫ్లక్స్ ఉన్నవాళ్లని, లేనివాళ్లని ఎన్‌బీఐలో పోల్చి ఇవి ఎక్కువగా ఉంటాయని చూపించారు. తెల్ల కాంతిలో నార్మల్ అని పంపేయడం కంటే ఇది నయమే కదా? పీహెచ్ (అన్నవాహికలో ఆమ్లం కొలిచే) పరీక్ష ఎంతమందికి చేయగలం?

#12 మహారాణిపేట_గ్యాస్ట్రో

ఫెలో గారూ, తేడా ఉంటుందని నేనూ కాదనను. గుంపుని గుంపుతో పోలిస్తే తేడా ఉంది. మన ముందు పడుకున్న ఒక్క మనిషికి గీత ఎక్కడ గీస్తారు? ఐపీసీఎల్ ఆరోగ్యవంతుడికీ ఉంటాయి. ‘ఉబ్బింది’ అని ఇద్దరు చూస్తే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. మినిమల్ చేంజ్ గొడవ కూడా అదే. జపాన్ వాళ్లు దానికి గ్రేడ్ ఎం అని చోటిచ్చారు, కానీ చూసేవాళ్ల మధ్య ఏకాభిప్రాయం తక్కువని తేలిపోయింది. కొలత లేని చోట నమ్మకం ఎక్కువైతే, ఫంక్షనల్ హార్ట్‌బర్న్ (రిఫ్లక్స్ లేకుండానే మంట) ఉన్న మనిషికి ఏళ్ల తరబడి డబుల్ డోస్ రాస్తాం.

ఎన్‌బీఐని నేను వాడే చోట్లు చెప్తాను. ఎక్కడ ఆగి చూడాలో అది చూపిస్తుంది. తెల్ల కాంతిలో అనుమానంగా ఉన్న గీత నిజంగా చర్మం లేచిందా, లేక ఎర్రదనమేనా అని తేల్చుకోవడానికి. స్క్వేమస్ (అన్నవాహిక), కాలమ్నార్ (కడుపు తరహా) పొరల సరిహద్దు, అంటే జెడ్ లైన్, స్పష్టంగా గీసినట్టు కనబడుతుంది, ఆ గీత కడుపు మడతల పైకొస మీదే ఉందా, పైకి పాకిందా అని కొలవడానికి. స్కోపు తీసేటప్పుడు పై కవాటం కింద, పళ్ల నుంచి 16–20 సెం.మీ. దగ్గర నెమ్మదిగా లాగితే ఇన్లెట్ ప్యాచ్ (అన్నవాహికలో కడుపు తరహా పొర ఉన్న మచ్చ) గోధుమ రంగులో తేలుతుంది. గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుందని తిరిగేవాళ్లలో దాన్ని చూడకుండా వదిలేయడం ఎక్కువ. ఇక అతి ముఖ్యమైనది బారెట్స్.

#13 ఆరిలోవ_ఫెలో

సరే సర్, ‘తోడ్పడే ఆధారం’ అని రాసి ‘ఖాయం’ అని రాయకపోతే సరిపోతుందా?

#14 మహారాణిపేట_గ్యాస్ట్రో

రిపోర్టు శరీరంలో వర్ణన రాయండి, ఫొటో పెట్టండి. ‘ఇంప్రెషన్’ కింద మాత్రం రాయకండి. కింద రాసిందే పేషెంటు చదువుతాడు, జీపీ గారు మందు రాస్తారు.

#15 పాథ్_బెంచ్

బయాప్సీల సంగతి ఎవరూ ఎత్తలేదు. నున్నగా ఉన్న అన్నవాహిక నుంచి ‘రిఫ్లక్స్ ఉందా చూడండి’ అని ఒక ముక్క పంపితే మేము చెప్పగలిగేది తక్కువ. అడుగు కణాల పొర మందమవడం, పాపిల్లాలు పొడవు పెరగడం, కణాల మధ్య ఖాళీలు పెరగడం రిఫ్లక్స్‌లో ఉంటాయి, ఇంకా చాలావాటిలోనూ ఉంటాయి.

ముక్క తీయాల్సిన చోట మాత్రం సరిపడా తీయాలి. మింగేటప్పుడు అన్నం ఆగుతోందన్న మనిషికి ఇస్నోఫిలిక్ ఈసోఫజైటిస్ (అన్నవాహికలో ఇస్నోఫిల్స్ అనే అలర్జీ కణాలు చేరిన వాపు) అనుమానంతో కనీసం ఆరు, రెండు వేర్వేరు ఎత్తుల నుంచి, రెండు సీసాల్లో. హై పవర్ ఫీల్డ్‌కి 15 లేదా ఎక్కువ ఇస్నోఫిల్స్ ఉండాలి. అవి మచ్చలు మచ్చలుగా ఉంటాయి కాబట్టి ఒక్క ముక్కలో దొరక్కపోవచ్చు.

బారెట్స్‌కి: గోబ్లెట్ కణాలు (పేగులో ఉండే జిగురు కణాలు) దొరికితేనే పేరు పెడతాం. కడుపు మడతల పైకొస నుంచి కనీసం 1 సెం.మీ. పైకి పాకితేనే ముక్కలు తీయండి. వంకరటింకరగా ఉన్న మామూలు జెడ్ లైన్ నుంచి తీసి పంపితే కార్డియాలో (కడుపు మొదట్లో) మెటాప్లేసియా (పొర మారడం) కనిపించి, పేషెంటుకి లేని బారెట్స్ భయం పట్టుకుంటుంది. సియాటిల్ పద్ధతిలో ప్రతి 2 సెం.మీ.కి నాలుగు దిక్కులా, గడ్డ గానీ గుంట గానీ ఉంటే అక్కడ ముందు, విడి సీసాలో. పుండు మండుతుండగా తీసిన ముక్కలో మానుతున్న కణాలు డిస్‌ప్లేసియాలా (క్యాన్సర్‌కి ముందు మార్పులా) భ్రమ కలిగిస్తాయి. సీ, డీ గ్రేడ్ అయితే ముందు ఎనిమిది వారాలైనా పీపీఐ ఇచ్చి మాన్పి, మళ్లీ చూసి తీయండి. పుండు మానాకే దాని కింద దాగిన బారెట్స్ బయటపడుతుంది కూడా.

సీసాలో 10 శాతం ఫార్మలిన్ ఉండాలి, సెలైన్ కాదు. లేబుల్ మీద ‘ఈసోఫేగస్’ అంటే చాలదు, పళ్ల నుంచి ఎన్ని సెంటీమీటర్లో రాయండి.

#16 మహారాణిపేట_గ్యాస్ట్రో

పాథ్ గారు చెప్పిన ‘మడతల పైకొస’ పట్టుకోవడమే అసలు కష్టం. గాలి ఎక్కువ నింపితే మడతలు చదునైపోతాయి, కొస కిందికి జారినట్టు కనిపించి లేని బారెట్స్ కొలుస్తారు. గాలి కొంచెం లాగేసి, మడతలు లేచాక కొలవాలి. డయాఫ్రం నొక్కు తెలియాలంటే పేషెంటుని ముక్కుతో గట్టిగా పీల్చమనాలి, మత్తులో ఉంటే మామూలు ఊపిరితోనే గమనించాలి. మూడు అంకెలు రాయాలి: జెడ్ లైన్, మడతల కొస, డయాఫ్రం నొక్కు. ఉదాహరణకి 35, 38, 41 అని ఉంటే హెర్నియా 3 సెం.మీ., కాలమ్నార్ పొర 3 సెం.మీ. పైకి పాకింది. చుట్టూతా 1 సెం.మీ., నాలుక లాగా పైకి 3 సెం.మీ. ఉంటే బారెట్స్ కొలిచే ప్రాగ్ లెక్కలో సీ1ఎం3. బారెట్స్‌ని సెంటీమీటరుకి నిమిషం చొప్పున ఆగి చూడాలి, తెల్ల కాంతిలో ఒకసారి, ఎన్‌బీఐ లేదా బీఎల్ఐలో ఒకసారి. గుంటలు, గట్లు, నాళాలు వరుసగా ఉంటే సరే. వరుస చెడిన చోట, నాళాలు ఉన్నట్టుండి తెగిన చోట గురి చూసి ముక్క తీయాలి. రిఫ్లక్స్ పరీక్షలో కొత్త కాంతి తన ఖరీదుకి న్యాయం చేసేది ఇక్కడే.

#17 మోటిలిటీ_ల్యాబ్

పీహెచ్ గురించి ఫెలో గారు అడిగారు. మందులు ఆపి చేసే పరీక్షలో, ఆమ్లం అన్నవాహికలో ఉన్న సమయం 4 శాతం లోపు అయితే మామూలు, 6 శాతం దాటితే ఖాయం. మధ్యలో ఉంటే ఇంపీడెన్స్‌లో (విద్యుత్ నిరోధం కొలతలో) రిఫ్లక్స్ ఎపిసోడ్లు రోజుకి 80 దాటాయా, రాత్రి బేస్‌లైన్ ఇంపీడెన్స్ 1500 ఓమ్‌ల కంటే తక్కువగా ఉందా అని చూస్తాం. 2500 దాటితే రిఫ్లక్స్‌కి వ్యతిరేక సాక్ష్యం. మీరు ఎన్‌బీఐ నాళాల్లో వెతికేది పొర దెబ్బతిన్నదా అనే కదా, ఆ సంగతి ఈ ఓమ్‌లు అంకెలో చెప్తాయి.

ముక్కు గుండా వేసే క్యాథటర్ 24 గంటలు. దాని సెన్సర్ కింది కవాటం పై అంచు నుంచి 5 సెం.మీ. ఎత్తున ఉండాలి, ఆ అంచు మానోమెట్రీతో (ఒత్తిడి కొలిచే పరీక్షతో) పట్టుకోవాలి. మానోమెట్రీ చేస్తే అకలేషియా (కింది కవాటం తెరుచుకోని జబ్బు) కూడా బయటపడుతుంది. తిండి నిలవ ఉండి పులిసి గోడ ఎర్రబడితే దాన్ని రిఫ్లక్స్ అనుకుని పీపీఐ పోస్తుంటారు. వైర్‌లెస్ క్యాప్సూల్ అయితే జెడ్ లైన్ నుంచి 6 సెం.మీ. పైన, ఎండోస్కోపీలోనే అంటించి 96 గంటలు. పీపీఐ కనీసం 7 రోజులు, ఫామోటిడిన్ లాంటివి 3 రోజులు, యాంటాసిడ్ ఒక రోజు ముందు ఆపాలి. క్యాథటర్ పెట్టుకున్న రోజు చాలామంది పెరుగన్నం మాత్రమే తిని కదలకుండా కూర్చుంటారు, అంకెలన్నీ చక్కగా వస్తాయి, ప్రయోజనం సున్నా. రోజూ తినేది తినాలి, డ్యూటీకి వెళ్లాలి, మంట వచ్చినప్పుడు బటన్ నొక్కాలి, భోజనం మొదలు, చివర, పడుకున్న సమయం డైరీలో రాయాలి.

#18 సీతమ్మధార_రీడర్

కాన్‌ఫోకల్ అని ఇంకోటి ఉందట కదా, ముక్క తీయకుండానే కణాలు కనిపిస్తాయని?

#19 మహారాణిపేట_గ్యాస్ట్రో

ఉంది. ఫ్లోరెసిన్ 10 శాతం ద్రవం 2.5–5 మి.లీ. నరంలోకి ఇచ్చి, స్కోపు లోంచి లేజర్ ప్రోబ్ గోడకి ఆనించి చూస్తారు. సుమారు వెయ్యి రెట్లు పెద్దదై కణాల మధ్య ఖాళీలు కూడా కనిపిస్తాయి. ఒంటికి, మూత్రానికి ఒక రోజు దాకా పసుపు రంగు వస్తుంది, అరుదుగా అలర్జీ. ప్రోబ్ ఖరీదు, చూసి చదవగలిగే మనిషి దొరకడం, రెండూ కష్టమే. మామూలు గుండెల్లో మంటకి దాని వెంట పడాల్సిన పని లేదు. లూగోల్ అయోడిన్ చల్లి చూసే పాత పద్ధతి కూడా రిఫ్లక్స్‌కి అనవసరం. ఛాతీలో మంట పుట్టిస్తుంది, అయోడిన్ పడనివాళ్లకి ప్రమాదం. స్క్వేమస్ క్యాన్సర్ అనుమానానికి దాన్ని దాచుకుందాం.

#20 ఎంవీపీ_జీపీ

నేను పంపే రిఫరల్ చీటీ ఇక మీదట ఇలా ఉంటుంది, తప్పులుంటే దిద్దండి: ‘పీపీఐ ఫలానా తేదీన ఆపారు, చివరి గ్యాస్ గోళీ పేరు ఇది. మింగడంలో ఇబ్బంది ఉంది / లేదు. ఎల్ఏ గ్రేడ్, హిల్ గ్రేడ్, మూడు సెంటీమీటరు అంకెలు కావాలి. గ్రేడ్ ఏ లేదా నార్మల్ అయితే మందు మళ్లీ మొదలుపెట్టకుండా నాకు ఫోన్ చేయండి, పీహెచ్‌కి పంపుతాను.’

#21 స్కోప్_అసిస్టెంట్

బాగుంది సార్. డాక్సీసైక్లిన్, ఐరన్ మాత్రలు, ఎముకలకి వారానికోసారి వేసే అలెండ్రోనేట్ వాడుతున్నారా అన్నది కూడా కలపండి. పళ్ల నుంచి 25 సెం.మీ. దగ్గర, అయోర్టా నొక్కే చోట ఒంటరిగా పుండు కనిపిస్తే అది చాలాసార్లు ఇరుక్కున్న మాత్ర పని. కింది భాగం శుభ్రంగా ఉంటుంది. ఆ ఒక్క ముక్క చీటీలో లేకపోతే టేబుల్ దగ్గర మేం ఎవర్నడగాలి, పేషెంటు అప్పటికే మత్తులో ఉంటారు.